ఎక్కలేకపోయినోళ్ల లెక్క ఎవరి దగ్గరున్నది?

హైదరాబాద్ సిటీ బస్సు ఎక్కిన ప్రతి మనిషికీ ఒక లెక్క ఉన్నది. ఒకప్పుడు కండక్టర్ స్టేజీ స్టేజీకి ఎస్సార్ కాగితం నింపేవాడు. ఇప్పుడు చేతిలోని టిమ్ మిషనే చెబుతున్నది. ఏ ట్రిప్పులో ఎంతమంది ఎక్కారు, కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చింది, నూటికి ఎన్ని సీట్లు నిండాయి అన్నది డిపోలో తెల్లారేసరికి తేలిపోతుంది. సీట్లు నిండిన లెక్కకు ఆర్టీసీ భాషలో ఓఆర్ అని పేరు. ఆ ఓఆర్ చూసే ఏ బస్సు ఉండాలె, ఏ బస్సు పోవాలె అన్నది తేలుస్తారు.

మరి ఎక్కలేకపోయినోళ్ల లెక్క ఎవరి దగ్గరున్నది?

స్టాపు కాడ గంటసేపు నిలబడి, నిండిన బస్సులు ఆగకుండా పోతుంటే చివరికి షేర్ ఆటో ఎక్కిన ఆడమనిషి ఏ మిషన్‌లో నమోదైంది? బస్ పాస్ జేబులో పెట్టుకుని, దోస్తు బండి మీద ముగ్గురిలో ఒకడై ఘట్‌కేసర్ కాలేజీకి పోయే పిల్లగాని సంగతి ఏ రికార్డులో ఉన్నది? రాత్రి షిఫ్టు దిగినంక ఇంటికి బస్సు లేదని తెలిసి, వచ్చిన నౌకరీనే వద్దనుకున్న ఆడబిడ్డ ఏ సర్వేకు దొరుకుతుంది?

ఆ లెక్క జనం దగ్గరే ఉన్నది. జనాన్ని అడిగితే తప్ప దొరకదు. నగరంలో బస్సు ఎటు తిరగాలె, రైలు ఎటు పోవాలె అన్న విషయంలో ప్రజలను అడగడమంటే సర్కారు వాళ్లకేదో ఉపకారం చేసినట్టు కాదు. అడగకపోతే సర్కారు లెక్కే తప్పుతుంది. ఇన్నేళ్లుగా తప్పుతూనే ఉన్నది.

డిమాండ్ లేదంటే నమ్మాల్నా?

ఈ తప్పు లెక్క ఎట్ల నడుస్తుందో చూడండి. ఒక బస్తీకి గంటకు నాలుగు బస్సులు ఉన్నయనుకుందాం. రెండు తీసేశారు. మిగిలిన రెండు ఎప్పుడొస్తయో ఎవరికీ తెలియదు. నౌకరీ చేసేవాళ్లు అప్పు చేసి బండి కొన్నారు. కూలికి పోయేటోళ్లు షేర్ ఆటోకు అలవాటు పడ్డారు. ఆరు నెలలకు ఓఆర్ పడిపోయింది. ‘ఈ రూట్‌లో డిమాండ్ లేదు’ అని రాసి ఇంకొకటి తీసేశారు. బస్సు లేక జనం పోతే, జనం లేక బస్సు పోయిందని ఫైలులో రాసుకున్నారు.

అదే రోడ్డు మీద షేర్ ఆటోలు పక్కకు వేలాడేంత మందితో తిరుగుతుంటయి. ఆ ఆటో డ్రైవర్ ఏ కన్సల్టెంటునూ పెట్టుకోలేదు. జనం చెయ్యెత్తిన చోట ఆపాడు, దిగమన్న చోట దించాడు. నాలుగు రోజుల్లో రూటు తయారైంది. జనం అవసరాన్ని చూసి గీసిన అసలు మ్యాపు ఈ నగరంలో ఏదన్నా ఉంటే అది షేర్ ఆటోల మ్యాపే. దాన్ని కాగితం మీద పెట్టి చూసే ఓపిక ఎంతమంది అధికారులకు ఉన్నది?

ఇంకో సాక్ష్యం మన కండ్ల ముందే ఉన్నది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సులు కిక్కిరిసిపోయాయి. ‘ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చిండ్రు?’ అని ఆశ్చర్యపోయినోళ్లు మస్తుమంది. ఎక్కడి నుంచీ రాలేదు. డిసెంబర్ 8న కూడా వాళ్లు ఈ నగరంలోనే ఉన్నరు. చార్జీకి వెనుకాడి నడిచిపోయారు, పనికి పోవడం మానుకున్నారు, ఆస్పత్రికి రేపు పోదామనుకున్నారు. మన లెక్కల్లో లేరు, అంతే. టికెట్ జీరో అయింది, మంచిదే. మరి సీటు సంగతి, స్టాపు సంగతి, పొద్దుగాల మొదటి బస్సు ఎన్ని గంటలకు రావాలె అన్న సంగతి ఆ ఆడవాళ్లను ఎవరు అడిగారు?

ముందు గీత, తర్వాత జనం

బస్సు కథ ఇట్లుంటే మెట్రో కథ ఇంకో తీరు. 2008లో మెట్రో టెండరు మేటాస్ కంపెనీకి దక్కింది. సర్కారే ఎదురు సొమ్ము ఇచ్చి ఆదుకోవాల్సిన ఇసొంటి ప్రాజెక్టులో, ఆ కంపెనీ తానే రూ.30,311 కోట్లు సర్కారుకు ఇస్తానన్నది. వందల ఎకరాల విలువైన భూములను కట్టబెట్టడాన్ని తప్పుబడుతూ అప్పటి ఢిల్లీ మెట్రో అధినేత శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డది, మేటాస్ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం జరిగింది. ఇంత రభసలో భూములు మాట్లాడాయి, కంపెనీలు మాట్లాడాయి. రేపు ఆ రైలు ఎక్కాల్సిన మనిషి గొంతు మాత్రం వినపడలేదు.

వినకపోతే ఏమైంది? జనం గొంతు తర్వాత ధర్నా రూపంలో వచ్చింది. సుల్తాన్‌బజార్ వ్యాపారులు రోడ్డెక్కారు. పాతబస్తీలో అభ్యంతరాలు లేచాయి. 2014లో కొత్త రాష్ట్ర సర్కారు అసెంబ్లీ, సుల్తాన్‌బజార్, పాతబస్తీల దగ్గర గీత మార్చాలన్నది. మాటల మీద మాటలు నడిచాయి. చివరికి అసెంబ్లీ దగ్గర, సుల్తాన్‌బజార్ దగ్గర పాత గీతనే ఖాయమైంది. ఐదేండ్లలో పూర్తి కావాల్సిన పని 2012 జూలైలో మొదలై, జేబీఎస్-ఎంజీబీఎస్ ముక్క 2020 ఫిబ్రవరి 7న మొదలయ్యేదాకా సాగింది. మొదటి దశలో 69 కిలోమీటర్లు వచ్చినా, ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఉన్న ఐదారు కిలోమీటర్ల పాతబస్తీ ముక్క మిగిలిపోయింది. దానికి 2024 మార్చి 8న మళ్ల శంకుస్థాపన చేశారు. ‘జనాన్ని అడిగితే ఆలస్యమైతది’ అనే పెద్దమనుషులు ఈ తేదీలను ఒకసారి వరుసగా రాసుకుని చూడాలె.

విమానాశ్రయం మెట్రో సంగతి చూడండి. 2022 డిసెంబర్ 9న రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల లైనుకు, రూ.6,250 కోట్ల అంచనాతో శంకుస్థాపన జరిగింది. సరిగ్గా ఏడాదికి సర్కారు మారింది, గీత కూడా మారింది. నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా పోవాలన్నారు. ఈ రెండు గీతల్లో ఏది మేలన్న వాదన వేరే పెట్టుకుందాం. రెండోదే ఎక్కువమందికి పనికొస్తుందని అనేవాళ్లున్నరు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి. ఒక ముఖ్యమంత్రి గీసిన గీతను ఇంకో ముఖ్యమంత్రి చెరిపేయగలిగినప్పుడు, నడుమ ఈ నగర ప్రజల స్థానం ఏమిటి? జనం నడుమ చర్చ జరిగి, జనం ఒప్పుకున్న గీతను ఏ సర్కారైనా అంత సులువుగా చెరపగలదా?

జనం మాటకు బలం లేదని మాత్రం ఎవరూ అనలేరు. మెట్రో రెండో దశ జాబితాలో తమ దిక్కు లేదని మేడ్చల్, శామీర్‌పేట దారుల్లోని కాలనీల ప్రజలు 2024లో గట్టిగా అడిగారు. 2025 జనవరి 1న సర్కారు ఆ రెండు లైన్లకు డీపీఆర్‌లు తయారు చేయిస్తామని ప్రకటించింది. అంటే అడిగితే వింటారు. కానీ సంఘం కట్టగలిగినోళ్ల మాట, టీవీలకు ఎక్కగలిగినోళ్ల మాట వింటారు. జగద్గిరిగుట్టలో, బోరబండలో, తలాబ్‌కట్టలో ఉండి పొద్దున ఐదింటికి పనికి బయల్దేరేటోళ్లకు ధర్నా చేసే పురసత్ లేదు. వాళ్ల కోసం పద్ధతి ఉండాలె. ఆందోళన చేసినోళ్లకే లైను వస్తదంటే అది ప్రజల భాగస్వామ్యం అనిపించుకోదు.

కరెంటుకు ఉన్న హక్కు బస్సుకు లేదా?

కరెంటు చార్జీ పెంచాలంటే ఏం చేయాలె? 2003 విద్యుత్ చట్టం ప్రకారం పంపిణీ సంస్థ తన ప్రతిపాదనను అచ్చేయాలె. జనం నుంచి అభ్యంతరాలు తీసుకోవాలె. నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. రైతు, చిన్న పరిశ్రమ నడిపే ఆసామి, రిటైరైన ఉద్యోగి ఎవరైనా నిలబడి ‘మీ ఖర్చులో ఈ పద్దు ఎందుకు?’ అని నిలదీయవచ్చు. అడిగిన ప్రతిదీ జరుగుతుందని కాదు. కానీ జవాబు చెప్పక తప్పదు.

మరి బస్సు చార్జీ? 2019 డిసెంబర్‌లో కిలోమీటరుకు 20 పైసలు పెంచారు. 2025 అక్టోబర్ 6 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు ఐదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది రూపాయలు పెంచారు. ఎలక్ట్రిక్ బస్సుల ఏర్పాట్లకు సొమ్ము కావాలన్నారు. కావచ్చు. ఎంత కావాలె, అందులో సర్కారు వాటా ఎంత, ప్రయాణికుని వాటా ఎంత అని ఎక్కడైనా బహిరంగంగా లెక్క పెట్టారా? ప్రకటన వచ్చిన రెండు మూడు రోజులకే కండక్టర్ కొత్త చార్జీ అడిగాడు. ప్రయాణికుడు ఆ కండక్టర్‌తోనే కొట్లాడాడు. నిర్ణయం తీసుకున్నోళ్లు ఏ బస్సులోనూ లేరు.

మెట్రో చార్జీలకు చట్టం కొంచెం నయం. 2022లో మాజీ న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీ వేసి జనం నుంచి సూచనలు పిలిచారు. 2023 జనవరిలో నివేదిక వచ్చింది. రెండేండ్లు దాటినంక 2025 మే నెలలో కనిష్ఠ చార్జీ రూ.10 నుంచి 12కు, గరిష్ఠం రూ.60 నుంచి 75కు పెంచారు. విమర్శలు రాగానే వారంలోనే పది శాతం తగ్గించారు. వారంలో తగ్గించగలిగేది పెంచక ముందే ఎందుకు ఆలోచించలేదు? కాగితం మీద సూచనలు పంపమనడం వేరు, ఎదురుగా కూర్చోబెట్టి జవాబు చెప్పడం వేరు.

చట్టంలో ఇంకో వింత ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రూటును ఆర్టీసీకి అప్పగించే పథకం పెట్టాలంటే గెజిట్‌లో, తెలుగు పత్రికలో అచ్చేయాలె. 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అంటే సర్కారు బస్సు రావాలంటే జనాన్ని అడగాలె. వచ్చిన బస్సులో నాలుగు ట్రిప్పులు తీసేయాలంటే ఎవరినీ అడగక్కర లేదు. ఇదెక్కడి న్యాయం?

స్టీరింగ్ పట్టినోళ్లకూ తెలుసు

ఈ నగరానికి ప్రజా రవాణా నిన్న మొన్నటి సంగతి కాదు. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన సంస్థ ఇది. 2011లో సకల జనుల సమ్మె నాడు ఆర్టీసీ కార్మికులు జీతం పోతుందని తెలిసి కూడా చక్రం ఆపారు. బస్సు లేక ఇబ్బంది పడ్డ జనమే వాళ్లకు అండగా నిలబడ్డారు. బస్సు నడిపేవాళ్లు, బస్సు ఎక్కేవాళ్లు ఒకే దిక్కు నిలబడ్డ రోజులవి.

రాష్ట్రం వచ్చినంక 2019 అక్టోబర్ 5న అదే కార్మికులు సమ్మెకు దిగారు. 52 రోజులు నడిచింది. ఆ సమ్మె నడుమనే, నవంబర్ 2న 5,100 రూట్లలో ప్రైవేటు బస్సులకు పర్మిట్లు ఇస్తామని మంత్రివర్గం తేల్చింది. ఆ రూట్లలో రోజూ తిరిగే మనిషిని ఒక్క మాట అడగలేదు. సమ్మె ముగిసినంక ఆ మాటను పక్కన పెట్టారు. అప్పుడూ అడగలేదు. పెట్టినప్పుడు అడగక, తీసినప్పుడు అడగక పోతే ఆ బస్సు ఎవరిది? సొంత రాష్ట్రమంటే నిర్ణయాలు తీసుకునే గది మన ఊర్లో ఉండడంతోనే అయిపోదు. ఆ గది తలుపు మనకు తెరిచి ఉండాలె.

కార్మికులను అడగడం కూడా ప్రజలను అడగడంలో భాగమే. ఏ స్టాపులో జనం రోడ్డు మీదికి వచ్చి ఎందుకు నిలబడతరో డ్రైవర్‌కు తెలుసు. ఏ ట్రిప్పు పది నిమిషాలు ముందుకు జరిపితే కాలేజీ పిల్లలంతా ఎక్కగలరో కండక్టర్‌కు తెలుసు. డిపో గేటు దాటి ఆ తెలివి పైకి పోయే దారే లేదు.

‘అందరినీ అడిగితే పనైతదా?’

ఈ ప్రశ్న తీసి పారేసేది కాదు. అడిగితే ప్రతి ఒక్కరూ తమ గల్లీకి బస్సు కావాలంటరు. నిజమే. ఎందుకంటే ఇప్పటిదాకా జనం ముందు కోరికల పట్టికే పెట్టారు, లెక్కల పట్టిక పెట్టలేదు. ‘ఈ డిపోకు ఇన్ని బస్సులున్నయి, రోజుకు ఇన్ని కిలోమీటర్లు తిప్పగలం, ఇక్కడ రెండు ట్రిప్పులు పెంచితే అక్కడ రెండు తగ్గుతయి, ఏం చేద్దాం?’ అని అడిగి చూడండి. చీటీలు నడిపే ఆడవాళ్లు, సంఘాల లెక్కలు చూసుకునే ఆడవాళ్లు ఉన్న బస్తీలివి. ఉన్నదాంట్లో సర్దడం వాళ్లకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

‘డయల్ యువర్ డిపో మేనేజర్’ ఉన్నది కదా అంటరు. ఉన్నది, మంచిదే. కానీ అది ఫిర్యాదుల పెట్టె. విరిగిన సీటు గురించి చెప్పుకోవచ్చు. రూటు ఎట్లుండాలెనో తేల్చే అధికారం ఆ ఫోన్‌కు లేదు. 2008లో నగర రవాణా సంస్థలన్నిటినీ కలిపి చూడటానికి ఉమ్టా అనే ఏకీకృత అథారిటీ పెట్టారు. బస్సు, ఎంఎంటీఎస్, మెట్రో ఒకదానికొకటి కలిసేటట్టు చూడటం దాని పని. ఎంఎంటీఎస్ దిగి బస్సు కోసం అర కిలోమీటరు నడిచే మనిషిని అడగండి, ఆ పేరు ఎప్పుడైనా విన్నడా అని.

బయట ఏం జరుగుతున్నదో కూడా చూద్దాం. లండన్‌లో ప్రయాణికుల తరఫున మాట్లాడటానికి చట్టం ప్రకారమే ఒక సంస్థ ఉన్నది. న్యూయార్క్ రవాణా సంస్థ బోర్డులో, ఓటు హక్కు లేకపోయినా, ప్రయాణికుల ప్రతినిధులకు కుర్చీలున్నయి. అంత దూరం ఎందుకు, ముంబైలో బెస్ట్ బస్సుల వ్యవహారాలు దశాబ్దాల పాటు కార్పొరేటర్లు ఉండే కమిటీ ముందుకే వచ్చేవి. మనకు కొత్తగా కనిపెట్టాల్సింది కూడా ఏమీ లేదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలోనే సలహా మండళ్లకు చోటున్నది. ఆ చోటుకు ప్రాణం పోయాలె.

ఇప్పుడే ఎందుకంటే

రాబోయే ముప్పై ఏండ్ల నగరం ఇప్పుడు కాగితాల మీద తయారవుతున్నది. కేంద్రం పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయిస్తున్నట్టు 2025లో ప్రకటించారు. ఈ తీరు ఒప్పందాల్లో బస్సు నడిపే కంపెనీకి కిలోమీటరు లెక్కన సొమ్ము ముడుతుంది. బస్సులో నలుగురున్నా నలభై మందున్నా దానికి ఒక్కటే. ఆ బస్సులు ఏ గల్లీకి పోవాలెనో జనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతరు? మెట్రో రెండో దశకు 2024లో రూ.24,269 కోట్లతో 76.4 కిలోమీటర్ల ప్రతిపాదన ఢిల్లీకి పోయింది. 2025 సెప్టెంబర్‌లో ఎల్ అండ్ టీ తప్పుకుని మొదటి దశ మెట్రోను సర్కారుకు అప్పగించడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. దాంతో పాటు రూ.13,000 కోట్ల దాకా అప్పు కూడా సర్కారు నెత్తికెత్తుకోవాలె. అప్పు మనదైనప్పుడు మాట కూడా మనదే కావాలె.

అందుకే అడగాల్సినవి అడుగుదాం. ఒక ట్రిప్పు తీసేసినా, రూటు మార్చినా 30 రోజుల ముందు ఆ స్టాపుల్లోనే తెలుగులో, ఉర్దూలో నోటీసు అంటించాలె. డిపో దగ్గర విచారణ పెట్టి, కారణం రాతపూర్వకంగా చెప్పాలె. చార్జీ పెంచే ముందు కరెంటు తీరుగ బహిరంగ విచారణ జరగాలె. ఆర్టీసీ, మెట్రో బోర్డుల్లో విద్యార్థులకు, పనికి పోయే ఆడవాళ్లకు, వికలాంగులకు, కార్మికులకు కుర్చీలు ఉండాలె. రూటు వారీగా బస్సులెన్ని, రద్దయిన ట్రిప్పులెన్ని అన్నది నెలనెలా బయటపెట్టాలె. మెట్రో కొత్త గీతలను ఢిల్లీకి పంపక ముందే వార్డుల్లో జనం ముందు పెట్టాలె. విచారణలు పొద్దున పదకొండింటికి కాకుండా, కూలి పోగొట్టుకోకుండా వచ్చేటట్టు ఆదివారం పెట్టాలె.

సర్కారు చేసేదాకా కూర్చుంటే కాదు. విద్యార్థి సంఘాలు ఒక పని మొదలు పెట్టవచ్చు. కాలేజీకో బృందం చొప్పున తమ దారిలోని స్టాపులు పంచుకోవాలె. వారం రోజులు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఒక నోట్‌బుక్ పట్టుకుని నిలబడాలె. ఎన్ని బస్సులు వచ్చినయి, ఎన్ని ఆగినయి, ఎంతమంది ఎక్కలేకపోయారు, వాళ్లు ఎటు పోవాల్సినోళ్లు అన్నది రాయాలె. ఉద్యోగ సంఘాలు తమ ఆఫీసులో ఇదే లెక్క తీయాలె: మొదటి షిఫ్టుకు, చివరి షిఫ్టుకు బస్సు అందనోళ్లు ఎంతమంది? బస్తీ మహిళా సంఘాలు షేర్ ఆటోలకు నెలకు ఎంత పోస్తున్నరో కూడబెట్టి చూడాలె. ఆ నోట్‌బుక్కులన్నీ తీసుకుపోయి డిపో మేనేజర్ టేబుల్ మీద పెడదాం. ఎక్కినోళ్ల లెక్క వాళ్ల దగ్గరున్నది. ఎక్కలేకపోయినోళ్ల లెక్క మనం పట్టుకుపోదాం. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే ఏ బస్తీకి ఎన్ని బస్సులు కావాలెనో తేలుతుంది.